కాలువ త్రవ్వించిన దైవజనుడు

ధ్యానమునకు: అపొ. కార్యములు 11:27–30, యోహాను 6:22–27



అంతియొకయ సంఘము ఇంకను లేత సంఘముగా నున్న దినములలో అగబు అను ప్రవక్త వచ్చి, గొప్ప కరువు రాబోవుచున్నదని తెలియజేసెను. ఆ మాట విని ఆ సంఘమువారు చేసిన పని యేమి? ఎవరి శక్తికొలది వారు సొమ్ము తెచ్చి, పోగుచేసి, బర్నబా సౌలుల చేతికిచ్చి, యూదయలోని పెద్దలకు పంపించిరి. తామే వెళ్ళి అక్కడ ఒక సత్రము కట్టి దానిమీద అంతియొకయ సంఘమని వ్రాయించుకొనలేదు. పని అక్కడివారి చేతులలో నుండనిచ్చి, తమ చేతిలో నున్నది ఇచ్చిరి. ఈ నాలుగు వచనములు చదివినప్పుడెల్ల మాకు మన తెలుగు దేశములో వచ్చిన ఒక మహా క్షామమును, ఆ క్షామములో ఒక బీద సంఘము చేసిన పనియు జ్ఞాపకమునకు వచ్చును. కావున ఈ నెల ఒంగోలు క్లౌ దొరగారి జీవితమును మీ యెదుట పెట్టుచున్నాము.

మన శ్రీకూర్మము, గార, శ్రీకాకుళము ప్రాంతములవారికి ఒంగోలు దూరదేశమే. అయినను చుట్టరికము లేకపోలేదు. మన ఉత్తర సర్కారులలో బాప్టిస్టు సంఘములను నాటినవారు కెనడా దేశపు మిషనరీలు. 1874లో కాకినాడలో ఆ పని ప్రారంభించిన మెక్లారిన్ దొరగారు, దానికి ముందు క్లౌ దొరగారు సెలవుపై స్వదేశము వెళ్ళినప్పుడు ఒంగోలులో వారి స్థానమందుండి పనిచేసినవారు. అక్కడ నేర్చినది ఇక్కడికి తెచ్చిరి. ఆ తరువాతనే బొబ్బిలి, శ్రీకాకుళము, విజయనగరము, టెక్కలి వైపు సువార్త పని విస్తరించినది. కనుక ఆయనను మన మేనమామల ఊరి పెద్దమనిషివలె ఎంచుకొనుటలో తప్పులేదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో ఫ్రూస్‌బర్గ్ అను ఊరి దగ్గర పుట్టిరి. తరువాత కుటుంబము పడమటి దిక్కుగా తరలి అయోవా రాష్ట్రము చేరినది. పదునేడేండ్ల ప్రాయమున ఆయన భూములు కొలుచు సర్వే జట్టులో చేరి, మిన్నెసోటా అడవులలో గొలుసు పట్టుకొని నాలుగేండ్లు తిరిగిరి. చలి, చిత్తడినేల, గుడారపు బ్రతుకు. కొలతలు వేయుట, లెక్క తప్పకుండ వ్రాయుట, పదిమందిచేత పని చేయించుట అక్కడ నేర్చిరి. ఆ గొలుసు విద్య ఇరువదియేండ్ల తరువాత తెలుగు దేశపు సముద్రతీరమున అక్కరకు వచ్చునని ఎవరనుకొందురు? దేవుడు తన సేవకులను బడికి పంపు విధము కొన్నిసార్లు మనకు బడివలె కనబడదు.

ఆయన మొదట వకీలు కావలెనని తలచిరి. భక్తిగల పిల్లవాడు కారు. బర్లింగ్‌టన్‌లో చదువుకొనుచుండగా మనస్సు మారి, ప్రభువునొద్దకు వచ్చి, బాప్తిస్మము పొందిరి. 1861లో హ్యారియట్ సండర్లాండ్ అమ్మగారిని వివాహమాడిరి. 1862లో పట్టభద్రులై, కొంతకాలము బడిపంతులుగాను, క్రైస్తవ పుస్తకములు అమ్మువారుగాను పనిచేసి, 1864 చివర ఓడ యెక్కి, 1865లో మద్రాసులో దిగి నెల్లూరు చేరిరి.

ఆ కాలమున అమెరికా బాప్టిస్టువారికి తెలుగు దేశములో నెల్లూరు తప్ప వేరే స్థలము లేదు. ముప్పది సంవత్సరములుగా పని చేసినను విశ్వాసుల సంఖ్య చాల స్వల్పము. ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించిరి. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున జూయెట్ దొరగారును, అమ్మగారును, కొద్దిమంది తెలుగు విశ్వాసులును ఒంగోలు ప్రక్కనున్న గుట్ట యెక్కి, ఈ ఊరికొక సేవకుని పంపుమని ప్రార్థించిరి. ఆ గుట్టకు ప్రార్థన కొండ అని పేరు వచ్చినది. పండ్రెండేండ్ల తరువాత, 1866లో, క్లౌ దొరగారు భార్యాపిల్లలతో ఒంగోలు వచ్చి కాపురముండిరి. ఆ సంవత్సరమే, చదువరులారా, మన ప్రాంతము నాడు చేరియున్న గంజాం జిల్లాను, ప్రక్కనున్న ఒరిస్సాను ఘోరమైన కరువు పట్టినది.

1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడినది. ఎనిమిదిమంది! మన పల్లెలలో ఒక యింటి బలగమే అంతకు మించి యుండును.

ఆ మొదటి దినములలోనే ఆయనకు కఠినమైన పరీక్ష వచ్చినది. తాళ్లకొండపాడు గ్రామమువాడు యెర్రగుంట్ల పేరయ్య అను తోళ్ల వర్తకుడు, మాదిగ కులస్థుడు, సత్యమును వెదకి వెదకి ప్రభువును కనుగొన్నవాడు. అతడు తనవారినందరిని సిద్ధపరచి, దొరగారిని పిలిచెను. జనవరి నెలలోనే దొరగారు అక్కడికి వెళ్ళి చింతతోపులో ఐదు దినములు కూటములు జరిపి, 28 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఒంగోలులోనో, పై కులములవారు కొందరు ఆయన బోధ వినుచు, తమ పిల్లలను ఆయన బడికి పంపుచుండిరి. వీరిని చేర్చుకొంటివా మేము రాము, మా పిల్లలును రారు అన్నది వారి మాట. ఆ రాత్రి దొరగారు ఒక గదిలో, అమ్మగారు మరియొక గదిలో బైబిలు తెరచినప్పుడు, ఒకరికొకరు తెలియకుండ ఇద్దరికిని ఒకటే భాగము, మొదటి కొరింథీ పత్రిక 1వ అధ్యాయపు చివరి వచనములు, ఎదురుపడినవని ఆయన తరువాత చెప్పుకొనిరి. లోకములో ఘనులను కాక నీచులుగా నెంచబడినవారిని దేవుడు ఏర్పరచుకొనుట గూర్చిన వచనములవి. ఆయన పేరయ్య జనమును విడువలేదు. బడి ఖాళీ అయినది.

విశ్వాసులైనవారికి ఆయన పెట్టిన కట్టుబాట్లు మూడే. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. వినుటకు చిన్నవి. కాని వెట్టి చేయు మాదిగవాడు ఆదివారము పనికి రానన్నను, జాతరలో డప్పు కొట్టనన్నను, ఊరి కరణము, మునసబు ఊరకుందురా? నీళ్ళు ఆపిరి, అంగడిలో సరుకు ఆపిరి, కొట్టిరి. అంత కష్టములోను సంఘము పెరిగి, కరువు నాటికి సభ్యులు మూడు వేలకు పైబడిరి. ఈ బీద సంఘమే తరువాత పొరుగువారికి చేయి అందించినది గనుక దాని స్థితిని ఇంతగా చెప్పుచున్నాము. కలిగినవారు ఇచ్చిన కథ కాదిది.

1876లో వానలు తప్పినవి. నైరుతి పోయినది, ఈశాన్యమును పోయినది. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు, తమిళ జిల్లాలు, మైసూరు, హైదరాబాదు అన్నియు ఎండిపోయినవి. ధాన్యము ధర కూలివానికి అందకుండ పోయినది. 1878 వరకు సాగిన ఆ క్షామములో 50 లక్షలకు పైగా జనులు చనిపోయిరని అంచనా. ధాన్యము దేశములో బొత్తిగా లేక కాదు. కొను శక్తి లేక చచ్చిరి. ఓడలలో ధాన్యము పైదేశములకు పోవుచునే యుండెను. ప్రభుత్వము కరువు పనులు పెట్టినది గాని, ఖర్చు తగ్గించవలెనని 1877 ఆరంభమున రిచర్డ్ టెంపుల్ దొరగారు కూలి కోసివేసిరి. ఎండలో దినమంతయు పనిచేసిన మగవానికి ఒక పౌను ధాన్యము, అనగా మన లెక్కలో అరకిలోకు తక్కువ, దానిపైని ఒక అణా. ఆడువారికి, పిల్లలకు అంతకు తక్కువ. దాని ఫలము చూచి తరువాత కొంచెము పెంచవలసి వచ్చినది. పెద్ద కుర్చీలలో కూర్చుండి ఆకలిని లెక్కకట్టువారికి ఆకలి తెలియదని మేము అనుకొందుము. చదువరులు వేరుగా తలచిన తలచవచ్చును.

ఆ కరువు పనులలో ఒకటి సముద్రతీరము వెంబడి త్రవ్విన కాలువ. మద్రాసునుండి ఉత్తరముగా అంతకు ముందే కొంత త్రవ్వబడియున్న ఉప్పునీటి కాలువను పొడిగించి కృష్ణా కాలువలతో కలుపవలెనని ఏర్పాటు. అది పూర్తియైన పిమ్మట మద్రాసు గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరున బకింగ్‌హాం కాలువ అనిరి. ఒంగోలు చుట్టుప్రక్కల ఆకలిగొన్న క్రైస్తవులు ఆ పనికి పోయిరి. అక్కడ మేస్త్రీలు వారిని మాదిగలని తిట్టి, కొట్టి, కూలిలో కోత కోసి పంపుచుండిరి. చచ్చెడివాడు కూలికి పోయి దెబ్బలు తిని వచ్చుట! ఆ సంగతులు దొరగారి చెవిని పడినవి.

ఇక్కడ ఆయన చేసిన ఆలోచనను నెమ్మదిగా చూడవలెను. బంగళా ముంగిట గంజి కుండలు పెట్టి, మిషను పేరున పంచిపెట్టుట ఒక మార్గము. దానికి వేలమందికి సరిపడు సొమ్ము ఆయనయొద్ద లేదు. ప్రభుత్వమును నిందించుచు ఉత్తరములు వ్రాయుచు కూర్చుండుట మరియొక మార్గము. ఆయన మూడవది పట్టిరి. ఇంజనీరు దొరలయొద్దకు వెళ్ళి, కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కను, అనగా అయిదున్నర కిలోమీటర్లకు పైగా, తానే కంట్రాక్టుకు తీసికొనిరి. పాదిరి దొర కంట్రాక్టరగుట విడ్డూరమే. కాని పని ప్రభుత్వముది, సొమ్ము ప్రభుత్వముది. ఆ ధర్మకార్యములో కొరతగా నున్నది నమ్మకమైన మనుష్యులు. సంఘము దగ్గర నున్నది అదే. తన తెలుగు బోధకులను పిలిచి, మీరే ఓవర్సీర్లని ఆయన వారిని గట్టుమీద నిలువబెట్టిరి.

రాజుపాలెము దగ్గర మకాము వేసిరి. తాటాకు పాకలు లేచినవి. నీళ్ళకు ఏర్పాటు చేసిరి. మిన్నెసోటా అడవులలో నేర్చిన కొలత విద్య ఇప్పుడు పనికి వచ్చినది. మట్టి కొలతలో ఎవరును ఆయనను మోసగింపజాలరు, కూలివానిని మోసగింపనియ్యరు. పలుగు, పార, తట్ట. మగవారు త్రవ్వుట, ఆడువారు మోయుట. కూలి సొమ్ము చేతికి నిక్కముగా వచ్చుచున్నదని, తిట్లు దెబ్బలు లేవని ఊరూర ప్రాకినది. ఎక్కువమంది మాదిగలే గాని ఇతర కులములవారును వచ్చిరి. కొందరు కొన్నాళ్ళు పనిచేసి, నాలుగు డబ్బులు కట్టుకొని ఊరికి పోవుదురు, వారి స్థానములో వేరొకరు వత్తురు. ఇట్లు వందల గ్రామములనుండి వేలకొలది జనులు ఆ గట్టుమీద నడచిరి. రాలేక త్రోవలోనే పడిపోయినవారును కలరు. కలరా మకామునకు వచ్చినది. దొరగారు మందు సీసా చేతబట్టుకొని పాకలవెంట తిరిగిరి.

మధ్యాహ్నపు విశ్రాంతి వేళ బోధకులు తమ జట్టుతో కూర్చుండి యేసునిగూర్చి చెప్పుచుండిరి. ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలుచు మాట, మత్తయి 11వ అధ్యాయములోనిది, వారు తరచుగా ఎత్తుకొనుచుండిరట. మట్టితట్ట నెత్తిన మోయువానికి ఆ వచనమునకు వ్యాఖ్యానము అక్కరలేదు గదా! వినినను వినకపోయినను కూలి ఒకటే, పాక ఒకటే.

1877 ఆగస్టులో లండను నగరపు మేయరు ఇండియా కరువు బాధితులకొరకు నిధి తెరచిరి. ఆ నిధి పంచుటకు మద్రాసు రాజధానిలోని ఊళ్ళలో స్థానిక సంఘములు ఏర్పడినవి. వాటిలో అధికారులును, వర్తకులును, ఊరి పెద్దలును, మిషనరీలును ప్రక్కప్రక్కను కూర్చుండిరి. విత్తనములు, ఎద్దులు, ఇంటి కప్పులకు సొమ్ము అట్లు పంచబడినది. మతము వేరైనవారితో కలిసి ధర్మము చేయుట క్రొత్త పని కాదని చెప్పుటకు దీనిని వ్రాసితిమి.

మన పల్లె సంఘములలో తల్లులు వంటకు బియ్యము తీయునప్పుడు ఒక పిడికెడు వేరొక కుండలో వేసి, ఆదివారము మందిరమునకు తెచ్చు అలవాటు కలదు. ఆ పిడికెడు బియ్యములో కొంత, ఊరిలో దిక్కులేని ముసలివారికి అన్నము పెట్టు ధర్మమునకు ఇయ్యవచ్చునా, ఆ ధర్మమును నడుపువారు మనవారు కాకపోయినను ఇయ్యవచ్చునా అని పెద్దలలో మాట వచ్చుట కలదు. ఇచ్చినచో ఎవరి పేరున పోవును, దానివలన మందిరమునకు ఎవరైన వత్తురా అని ఒకరందురు. తినిన వారు రెండు ప్రార్థన కూటములకైన రావద్దా అని మరొకరందురు. ఈ ప్రశ్నలు దురాశవలన పుట్టినవని మేము అనము. సంఘము చిన్నది, బియ్యము కొంచెము, అడుగుట సహజము. శ్రీకూర్మములో గొప్ప దేవాలయము చుట్టు ఊరు; మధ్య మన యిండ్లు కొన్ని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లాను కొట్టినప్పుడు ఉద్దానములో ఎవరి కొబ్బరితోట విడిచిపెట్టినది? ఒకే రాత్రి అందరివి కూలినవి. ఆ ప్రశ్నలడుగు పెద్దలు క్లౌ దొరగారు తరువాత చేసిన పనిని వినవలెనని మా మనవి.

కరువు పట్టిన పిమ్మట బాప్తిస్మము కోరువారు వందలు కాదు, వేలు వచ్చిరి. గ్రామములకు గ్రామములు. ఏ మిషనరీయైనను సంతోషముతో గంతులు వేయు సమయము. అప్పుడు క్లౌ దొరగారు తలుపు మూసిరి. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, పదునైదు నెలలు, ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. కూలియు సహాయమును తన చేతిమీదుగా పోవుచుండగా, బాప్తిస్మమును అదే చేతితో ఇచ్చిన యెడల, అన్నము కొరకు వచ్చినవాడెవడో ప్రభువు కొరకు వచ్చినవాడెవడో వానికే తెలియకపోవునని ఆయన భయపడిరి. ఆకలిగొన్నవానిని అట్టి శోధనలో పడవేయుట వానికి చేయు అపకారము. బోధ ఆపలేదు, ప్రార్థన ఆపలేదు, కూలి ఆపలేదు; బాప్తిస్మము మాత్రము ఆపిరి.

యోహాను 6వ అధ్యాయములో రొట్టెలు తిని తృప్తిపొందిన జనము మరునాడు పడవలెక్కి ప్రభువును వెదకుచు వచ్చినప్పుడు, వారు ఎందుకు వచ్చిరో ఆయన మొగము మీదనే చెప్పెను. అయితే గమనింపుడి. ముందటి దినము రొట్టెలు పెట్టునప్పుడు, రేపు ఎవరు నిలుతురో ఎవరు పోదురో అని ఆయన విచారింపలేదు. అయిదువేలమందికిని పెట్టెను. ఆ అధ్యాయము చివర అనేకులు వెనుకతీసిరి. పెట్టిన రొట్టెలు తిరిగి అడుగలేదు.

పదునైదు నెలలు గడచినవి. కరువు సహాయము ముగియుచుండెను. 1878 జూనులో దొరగారు బోధకులకు వర్తమానము పంపిరి: గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికి క్రైస్తవులను మాత్రమే తీసికొని రండు, క్రొత్తవారిని తేవద్దు. ఇకమీదట ఇచ్చుటకు తనయొద్ద సొమ్ము లేదన్న సంగతియు అందరికి తెలియజేసిరి. తేవద్దన్న జనమే వేలుగా వచ్చి మామిడితోపులో కూర్చుండిరి. మాకు సొమ్ము వద్దు, పోయిన సంవత్సరము అడిగినదే ఇప్పుడును అడుగుచున్నామని వారి మొర. అప్పుడు ఆయన ఒప్పుకొనిరి. బోధకులు తమ తమ గ్రామములవారి జాబితాలు పట్టుకొని, ఎరిగినవారిని ఎరుగుదుమని, ఎరుగనివారిని ఆగుమని చెప్పుచు విచారణ జరిపిరి.

జూలై 2న 614 మంది నీటిలో దిగిరి. 3వ తేదీన 2,222 మంది. 4న 702. మూడు దినములలో 3,538 మంది. ఆ రెండవ దినమున ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని నదిలో నిలిచి, ఉదయము మొదలుపెట్టి ఎండవేళ విశ్రమించి, సాయంకాలమునకు ముగించిరి. దొరగారు గట్టున నిలిచి చూచుచుండిరి గాని తమ చేతితో ఎవరికిని ఇయ్యలేదు. ఆ సంవత్సరము ముగియునప్పటికి క్రొత్త విశ్వాసులు 9,606 మంది. ఈ సంఖ్యలను మన కూటములలో ప్రసంగీకులు గట్టిగా చెప్పుదురు, మంచిదే. కాని అంతకు ముందటి పదునైదు నెలల సున్నను చెప్పువారు తక్కువ. మాకు ఆ సున్నయే గొప్పదిగా తోచును.

అంత చేసినను నింద తప్పినదా? తప్పలేదు. బియ్యపు క్రైస్తవులన్నారు. తొందరపడి చేర్చుకొన్నాడని స్వజనులలోనే కొందరు విమర్శించిరి. ఆ వేలమందిలో తరువాత చల్లారినవారును, వెనుకకు పోయినవారును ఉన్నమాట నిజము. అంతమందిని కాయుటకు కాపరులు చాలలేదు. కరువు లేనిచో అంతమంది ఒక్కసారిగా కదలియుందురా అని చరిత్ర వ్రాయువారు నేటికిని అడుగుదురు. కదలియుండరేమో. గట్టుమీద తమను తిట్టక, కొట్టక, లెక్క ప్రకారము కూలి ఇచ్చిన మనుష్యులను చూచిన తరువాత, వీరి దేవుడెవడని అడుగుట అన్నమునకు అమ్ముడుపోవుట అగునా? అందులో ఎంత ఆకలి, ఎంత విశ్వాసము అన్న విభజన మనుష్యుల త్రాసుకు అందదు.

మిగిలిన జీవితము క్లుప్తముగా చెప్పెదము. ఒంగోలు సంఘము పెరుగుచు, పెక్కు సంఘములుగా విడదీయబడి, పాఠశాలలు వెలసినవి. 1890 డిసెంబరు 28న మరల ఒక్క దినముననే 1,671 మందికి బాప్తిస్మము జరిగినది. 1893లో హ్యారియట్ అమ్మగారు ప్రభువునందు నిద్రించిరి. మరుసటి సంవత్సరము ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ అమ్మగారిని వివాహమాడిరి. ఈమె మాదిగ విశ్వాసుల జీవితములను వారి నోటనే విని పుస్తకముగా వ్రాసిన విదుషీమణి. వృద్ధాప్యమున దొరగారి నడక చెడినది, దేహము కూలినది. 1910లో అమెరికాకు చేరి, ఆ సంవత్సరము నవంబరు 24న రాచెస్టరు నగరమున కన్నుమూసిరి. ఆయన జ్ఞాపకార్థము ఒంగోలులో ఆసుపత్రి కట్టిరి. రోగి కులము, మతము అడుగని ఆసుపత్రి ఆయన పేరునకు తగినదే.

ఇక కాలువ సంగతి. రైలు, రోడ్డు వచ్చిన తరువాత పడవలు తగ్గిపోయినవి. 1965, 1966, 1976 సంవత్సరముల తుపానులు గట్లను చెడగొట్టినవి. పూడిక నిండినది, తుమ్మ మొలచినది. కరువులో త్రవ్వినవారి మనుమలు సహితము ఆ గట్టు ఎవరు వేసిరో మరచిరి. 2004 డిసెంబరు 26 ఆదివారము ఉదయమున సునామి మన తూర్పు తీరమును కొట్టినప్పుడు, పెదగంజామునుండి చెన్నపట్టణమువరకు సుమారు 310 కిలోమీటర్ల పొడవున ఆ పాత కాలువ సముద్రమునకును ఊళ్ళకును మధ్య అడ్డుగా నిలిచినది. లోపలికి దూకిన కెరటము కాలువలో పడి, దానిని నింపి, పది పదునైదు నిమిషములలో మరల సముద్రములోనికి వెనుదిరిగినది. తరువాత పరిశీలించిన శాస్త్రజ్ఞులు దానిని వ్రాసిపెట్టిరి. ఆ కాలువవలన ప్రాణములు దక్కినవారిలో తీరమందలి చేపలు పట్టువారు కలరు.